అడగడం, సంతకం పెట్టించుకోవడం

పెద్ద కంపెనీ ఒక చిన్న కంపెనీని కొనే తతంగం తెలుసుకుంటుంటే, సంబంధాలు చూసే ఇళ్ళలో పెరిగిన మనకు అదేమంత కొత్తగా అనిపించదు. మధ్యవర్తి కబురు తెస్తాడు. ఊరికే పరిచయం కోసమంటారు. పెద్ద కంపెనీల్లో ఈ పనికే కార్పొరేట్ డెవలప్‌మెంట్ అని ఒక విభాగం ఉంటుంది. అక్కడి నుంచి వచ్చే మొదటి ఉత్తరంలో 'కొంటాం' అనే మాట సాధారణంగా కనబడదు. 'మీ పని బాగుంది, కలిసి ఏమైనా చేద్దామా' అని ఉంటుంది. తర్వాత రహస్యం బయటపెట్టకూడదన్న ఒప్పందం. ఆ తర్వాత ధర, షరతులు రాసిన టర్మ్ షీట్. అందులో, ఇన్ని రోజులపాటు ఇంకెవరితోనూ బేరం మాట్లాడకూడదన్న షరతు ఒకటి దాదాపు తప్పకుండా ఉంటుంది. తాంబూలాలు పుచ్చుకున్నాక పిల్లను మరొకరికి చూపించకూడదు కదా! ఇక విచారణ మొదలవుతుంది. లెక్కలు, ఒప్పందాలు, ప్రోగ్రాములు, ఎవరి జీతమెంత, అన్నీ విప్పి చూపించాలి. కొనేవాళ్ళు మాత్రం తమవి చూపించనవసరం లేదు. ఆ దశ దాటాక బేరం చెడితే పరువు పోయేది చిన్నవాళ్ళదే కనుక ధర తగ్గినా తల ఊపేస్తారు.

పోలికను ఇక్కడితో ఆపేస్తే ఛలోక్తిగా మిగిలిపోతుంది. నన్ను పట్టి ఉంచిన ప్రశ్న వేరు. ఈ పెళ్ళిలో పెళ్ళికూతురు ఎవరు? కంపెనీ పెట్టిన వ్యవస్థాపకుడే అని మొదట అనుకుంటాం. కానీ అతన్ని అడుగుతున్నారు, బతిమాలుతున్నారు, అతనితో బేరమాడుతున్నారు. అతను పిల్ల తండ్రి. పెట్టుబడి పెట్టినవాళ్ళు మేనమామలు, పెదనాన్నలు. ఇల్లు, పేరు మారిపోయేది, రేపటి నుంచి ఎవరి మాట వినాలో తెలియనిది లోపల పనిచేసేవాళ్ళకి. వాళ్ళకి కబురు చివర్న అందుతుంది.

తెలుగువాళ్ళకు బాగా తెలిసిన ఉదాహరణ రెడ్‌బస్. 2005 దీపావళికి బెంగుళూరు నుంచి ఇంటికి వెళ్ళడానికి బస్సు టికెట్ దొరక్క ఫణీంద్ర సామా అనే యువకుడు మొదలుపెట్టిన ఆలోచన అది. 2006లో ఇద్దరు మిత్రులతో కలిసి దాన్ని కంపెనీ చేశాడు. 2013 జూన్‌లో, దక్షిణాఫ్రికాకు చెందిన నాస్పర్స్ అండ ఉన్న ఐబిబో గ్రూపు దాన్ని కొంది. మరుసటి ఏడాది ఆయన ఆ కంపెనీ బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. మనవాడు గెలిచాడని అందరం సంతోషించాం, అందులో తప్పులేదు. అదే సమయంలో ఉద్యోగులకిచ్చిన షేర్ ఆప్షన్ల గురించి కూడా పత్రికల్లో చర్చ జరిగింది. ఆ చర్చలోని న్యాయాన్యాయాలు తేల్చడం నా పని కాదు. 'మేము అమ్మేశాం' అన్నప్పుడు ఆ 'మేము'లో ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న మన దగ్గర కూడా మొదలైందని చెప్పడానికే ఈ ప్రస్తావన.

కొన్నిసార్లు కొనేది వస్తువును కూడా కాదు, మనుషుల్ని. 2014 జనవరిలో ఫేస్‌బుక్ మన దేశంలో మొదటిసారి కొన్న కంపెనీ బెంగుళూరులోని లిటిల్ ఐ ల్యాబ్స్. అక్కడి బృందం అమెరికా వెళ్ళింది. వాళ్ళు తయారుచేసిన పనిముట్టు కొద్ది నెలల్లో మూతపడింది. వెళ్ళినవాళ్ళకది మంచి అవకాశమే. కాని ఇలాంటి బేరాల్లో 'ఎవరు కావాలి, ఎవరు అక్కర్లేదు' అనే జాబితా ఒకటి తయారవుతుంది. అందులో ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఆస్తి పక్కన, ఫోన్లెత్తేవాళ్ళు, కోపంగా ఉన్న వినియోగదారుని శాంతింపజేసేవాళ్ళు, కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేవాళ్ళు ఖర్చు పక్కన చేరుతుంటారు. ఈ రెండో పక్క ఆడవాళ్ళు ఎందుకు ఎక్కువగా కనబడతారో ఈ పత్రిక చదివేవాళ్ళకు వివరించనక్కర్లేదు.

అడిగే తీరు ఎప్పుడూ మర్యాదగానే ఉంటుందనీ లేదు. అమెరికాలో పసిపిల్లల డైపర్లు అమ్మే క్విడ్సీ అనే కంపెనీ అమెజాన్‌కు పోటీగా ఎదిగింది. అమెజాన్ తన డైపర్ల ధరలు బాగా తగ్గించి, నష్టం తాను భరిస్తూ, అవతలివాళ్ళకు ఊపిరాడకుండా చేసింది. 2010లో క్విడ్సీ అమ్ముడుపోయింది. 2017లో దాన్ని మూసేస్తున్నట్టు అమెజాన్ ప్రకటించింది. 2020లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ఈ కథంతా నివేదికలో రాసింది. ఆ క్విడ్సీ యజమానులు సంతకం చేసిన మాట నిజమే. అయితే వద్దనడానికి దారులన్నీ మూసేశాక వచ్చిన 'సరే'ని అంగీకారమనవచ్చా? ఇంట్లోనూ పడగ్గదిలోనూ స్త్రీవాదం ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నది ఈ ప్రశ్ననే. మార్కెట్లో కూడా అది అంతే సూటిగా వర్తిస్తుందని నా అభిప్రాయం.

మా చిన్నమ్మ కూతురు హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్ళు చేసింది. వినియోగదారులకు తెలుగులో సాయం చేసే విభాగాన్ని దాదాపు ఒంటిచేత్తో నిలబెట్టింది. జీతం తక్కువైనా 'మనందరిదీ ఈ కంపెనీ' అన్న మాట నమ్మింది. ఒక శుక్రవారం సాయంత్రం అందర్నీ పిలిచి, కంపెనీ చేతులు మారిందని చెప్పారు. పెట్టుబడిదారులు తమ వాటా ముందుగా తీసుకునే షరతు ఉండటంతో తన షేర్లకు మిగిలింది దాదాపు ఏమీ లేదు. రెండు నెలల జీతం, ఇక ఏ హక్కూ కోరనని ఒక కాగితం. చదువుకోవడానికి టైమిమ్మంటే రాత్రిలోగా కావాలన్నారట. నాతో ఫోన్లో అంది: "అప్పా, నన్ను అడగలేదు. సంతకం మాత్రం అడిగేరు."

ఈ మాట విన్నప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. కె.కోటపాడు ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. మా మేనత్త నలభై ఏళ్ళు చెరకు తోటలో కలుపు తీసింది, చెరకు పడిపోకుండా జడలు కట్టింది, బెల్లం వండేటప్పుడు రాత్రుళ్ళు పొయ్యి ఎగదోసింది. విశాఖ నుంచి భూమి కొనేవాళ్ళు వస్తే మామయ్యతో, కొడుకులతో మాట్లాడి వెళ్ళారు. అత్త టీ ఇచ్చింది. నిన్నడగలేదా అంటే, "నన్నేటి అడుగుతారమ్మా, పాసు పుస్తకంలో నా పేరు లేదు కదా" అంది. అత్తకు అది ఫిర్యాదు కూడా కాదు, లోకరీతి.

పేరుండి ఉంటే సరిపోయేదా? మన రాష్ట్రంలో 1985లోనే, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ చట్టం వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. ఆ తర్వాత ఎన్ని ఇళ్ళలో అక్కచెల్లెళ్ళను పిలిచి, పసుపు కుంకుమల కింద చీర పెట్టి, హక్కు వదులుకుంటున్నట్టు సంతకాలు పెట్టించుకోలేదు? అంతకుముందు సంతకం కూడా అక్కర్లేదు, ఇప్పుడు కావాలి. అది ముందడుగే. కానీ అడగడం వేరు, సంతకం పెట్టించుకోవడం వేరు. అడిగినవాళ్ళు జవాబు ఏదైనా వినడానికి సిద్ధపడి ఉండాలి. కంపెనీల ఒప్పందాల్లో డ్రాగ్ ఎలాంగ్ అనే షరతు ఉంటుంది. పెద్ద వాటాదారులు అమ్మాలనుకుంటే చిన్న వాటాదారులూ అదే ధరకు అమ్మి తీరాలి. డ్రాగ్ అంటే ఈడ్చుకెళ్ళడమే. దాచుకోకుండా ఆ పేరే పెట్టుకున్నారు.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. ఇల్లు తాకట్టు పెట్టి, నిద్ర మానుకుని తెగించినవాడికి నిర్ణయించే హక్కు ఉండొద్దా అంటారు. ఉండాలి. కానీ తక్కువ జీతానికి ఆరేళ్ళిచ్చిన అమ్మాయిది కూడా తెగింపే. అందర్నీ అడిగితే రహస్యం నిలవదు, బేరం చెడుతుంది అంటారు. అందులో నిజముంది. ప్రతి ఒక్కరికీ బేరాన్ని ఆపే హక్కు ఇవ్వమని నేననడం లేదు. బేరం ముగిశాక కూడా ఎవరి షేర్లకు ఏమొస్తుందో చెప్పకపోవడానికి, కాగితం చదువుకోవడానికి వారం గడువివ్వకపోవడానికి ఏ రహస్యం అడ్డొచ్చింది?

చట్టం కొంత మేలుకుంది. కంపెనీ టర్నోవర్ చిన్నదైనా, బేరం విలువ రెండు వేల కోట్ల రూపాయలు దాటి, ఆ కంపెనీకి మన దేశంలో చెప్పుకోదగ్గ వ్యాపారం ఉంటే కాంపిటీషన్ కమిషన్‌కు ముందే చెప్పాలన్న నియమం 2024 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అది మార్కెట్లో పోటీని కాపాడటానికి. కంపెనీ లోపలివాళ్ళు ఆ చట్టం చూపులో లేరు.

2018 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం మహిళా పారిశ్రామికవేత్తల కోసం వి-హబ్ మొదలుపెట్టింది. కంపెనీలు పెట్టే ఆడవాళ్ళు పెరుగుతున్నారు. రేపు వాళ్ళకూ ఆ మర్యాదైన ఉత్తరాలు వస్తాయి. అప్పుడు పిల్ల తండ్రి కుర్చీలో కూర్చునేది ఒక స్త్రీ. ఆ కుర్చీలోకి చేరడమే స్త్రీవాదమనుకుంటే, మా చిన్నమ్మ కూతురి లాంటివాళ్ళకు తేడా ఏమీ తెలియదు. ఉద్యోగంలోకి తీసుకునే రోజునే, కంపెనీ అమ్ముడుపోతే నీకేమొస్తుంది, ఏమి రాకపోవచ్చు అన్నది తెలుగులో ఒక పేజీ రాసివ్వడం చేయలేని పనేమీ కాదు. డబ్బు ఖర్చు కూడా లేదు. ముందుగా చెప్పాల్సి వస్తే ఏమివ్వాలో కూడా ముందుగా ఆలోచించాల్సి వస్తుంది. బహుశా అందుకే ఆ పేజీ చాలా చోట్ల కనబడదు.