సెప్టెంబర్ 17కు అటూ ఇటూ

దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యం రాసిన సంగతి తెలంగాణలో బడికి పోయిన వాళ్లందరికీ తెలుసు. అంతకు పదేళ్ల ముందు లెనిన్‌గ్రాడ్‌లో అన్నా అఖ్మతోవా అనే కవయిత్రికి గోడల మీద కూడా నమ్మకం లేకపోయింది. కొడుకు జైల్లో ఉన్నాడు. ఇంట్లో ఏం మాట్లాడినా ఎవరో వింటారన్న భయం. కాగితమ్ముక్క మీద కొన్ని పంక్తులు రాసి స్నేహితురాలికి చూపించేది. ఆమె కంఠస్థం చేయగానే ఆ ముక్కను కాల్చేసేది. 'రిక్వియం' కావ్యం అట్లా కొద్దిమంది బుర్రల్లోనే ఏళ్లకేళ్లు బతికింది. సోవియట్ దేశంలో అది అచ్చయింది 1987లో. కవయిత్రి చనిపోయింది 1966లో.

మనకు అంత ఆలస్యం కాలేదు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం జరిపిన 'పోలీసు చర్య'తో నిజాం సర్కారు కూలింది. మరుసటి ఏడే దాశరథి 'అగ్నిధార' వచ్చింది, జైలు సహచరుడు వట్టికోట ఆళ్వారుస్వామికి అంకితమై. పైపైన చూస్తే మన కథ వాళ్లకంటే నయం. భయం పోయింది, గొంతు వచ్చింది. కానీ చార్మినార్ దగ్గర, పత్థర్‌గట్టీ దుకాణాల ముందు నిలబడితే ఆ లెక్క నాకు సరిపోదు. సర్కారు కూలిన రోజు, సెప్టెంబర్ 17న, సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో జెండా ఎగురుతుంది, ఉపన్యాసాలు సాగుతాయి. లాడ్ బజార్‌లో గాజుల బేరాలు ఎప్పటిలాగే నడుస్తుంటాయి. అక్కడి పెద్దమనుషులకు కాలం 'పోలీస్ ఆక్షన్ సే పెహలే', 'పోలీస్ ఆక్షన్ కే బాద్' అని రెండు ముక్కలు. నల్లగొండ పల్లెల్లో ముసలివాళ్లు చెప్పేది 'రజాకార్ల దినాలు'. నడుమనున్నది ఆ ఒక్క సెప్టెంబరే, కానీ ఒకరి కథ అక్కడ ముగుస్తుంది, ఇంకొకరిది అక్కడ మొదలవుతుంది.

తెలుగు సాహిత్యం సెప్టెంబర్‌కు ముందటి బాధను బాగా భద్రపరిచింది. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53, దొర గడీలో వెట్టి, 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి బురుజు కింద కూలిన మనుషులు, అన్నీ మన నవలల్లో, పాటల్లో ఉన్నాయి. ఉండాల్సినవే. ఆ తర్వాత జరిగింది మాత్రం మన పుస్తకాల్లోకి రావడం తక్కువ. నెహ్రూ కోరిక మీద పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు ఆ ఏడు చివర్లో సంస్థానంలో తిరిగి, పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని నివేదిక ఇచ్చారు. ఎక్కువగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. అవి తెలుగు జిల్లాలు కావు గనక ఆ ఏడుపు తెలుగు చెవికి దూరమైందనుకోవచ్చు. నివేదికను ప్రభుత్వమే బయటపెట్టలేదనీ అనుకోవచ్చు. అది 2013లో గానీ ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చదవడానికి దొరకలేదు. రెండూ నిజమే. కానీ అవి మన నిర్లక్ష్యాన్ని పూర్తిగా కప్పిపెట్టలేవు.

ఆ తర్వాత చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలే అయినా, దీన్ని మతాల తగవుగా తేల్చేయడం నాకు నచ్చదు. ఇండియాలో కలవాలని ఉర్దూలో రాసినందుకే 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ చేయి నరికి చంపారు రజాకార్లు. చార్మినార్‌కు కూతవేటులో ఉన్న సిటీ కాలేజీలో పాఠం చెప్పిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవి, కమ్యూనిస్టు. వెట్టి చేయించుకున్న దొరల్లో అత్యధికులు హిందువులు. వాళ్లే పోలీసు చర్య తర్వాత గాంధీ టోపీలు పెట్టుకొని ఊళ్లలోకి తిరిగొచ్చారు. నిజాం 1956 దాకా రాష్ట్రాధినేత హోదాలో రాజప్రముఖ్‌గా కొనసాగాడు. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ కొన్నేళ్లు జైల్లో ఉండి 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1948 నుంచి 1951 దాకా అడవి పల్లెలకు భయం పోనే లేదు. రజాకార్ల బదులు, తుపాకీ దించని కమ్యూనిస్టుల కోసం మిలిటరీ క్యాంపులు వచ్చాయి. పాతబస్తీలో ఇప్పటికీ వినిపించే మాట ఒకటుంది: ఉస్మానియా ఆస్పత్రి కట్టించింది ఎవరు, యూనివర్సిటీ పెట్టింది ఎవరు? నిజమే, నిజామే కట్టించాడు. మాస్కో మెట్రో కూడా స్టాలిన్ కాలంలోనే కట్టారు.

రష్యా మనకు దూరపు కథ అనుకునే వీల్లేదు. 1951లో నలుగురు కమ్యూనిస్టు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. వారిలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య మనవాళ్లు. తెలంగాణలో తుపాకీ దించాలా వద్దా అన్నది అక్కడ చర్చకు వచ్చింది. ఆ అక్టోబర్‌లో సాయుధ పోరాటాన్ని విరమించారు. జైళ్లకు, గడీలకు ఎదురు తిరిగిన మనుషుల తరఫున సలహా అడిగింది ఎవరిని? లక్షలమందిని శిబిరాల్లో పెట్టిన మనిషిని. దాని మీద మన పోరాట చరిత్రలు ఆగి ఆలోచించినట్టు నాకు కనబడదు.

తర్వాత మాస్కో నుంచి తెలుగు పుస్తకాలు వచ్చాయి. ప్రగతి, రాదుగ ప్రచురణలు, మంచి అట్ట, మంచి బొమ్మలు, చవక ధర. ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్లు అక్కడే ఉండి అనువదించారు. ఆ పుస్తకాలు లేకపోతే నా తరం చదువరులకు చెహోవ్, టాల్‌స్టాయ్ అంత దగ్గరయ్యేవాళ్లు కాదు. ఆ రుణం ఉంది. కానీ ఆ పెట్టెల్లో అఖ్మతోవా 'రిక్వియం' లేదు. స్టాలిన్ మీద పద్యం చెప్పి, 1938లో వ్లాదివొస్తోక్ దగ్గర శిబిరంలో ప్రాణం వదిలిన మాండెల్‌స్టామ్ కవిత లేదు. మనం అడగనూ లేదు. నిజాం జైలు గోడ గురించి గర్వపడుతూ ఇంకో జైలు గోడ వైపు చూడకుండా ఉండగలిగాం.

స్టాలిన్ 1953లో పోయాక శిబిరాల నుంచి తిరిగొచ్చినవాళ్లు, తమను పట్టించినవాళ్ల పక్కనే కాపురం పెట్టాల్సి వచ్చింది. అధికార చరిత్ర ఒకటి, వంటింట్లో గుసగుసగా చెప్పుకునే చరిత్ర ఇంకొకటి. 1980ల చివర్లో మొదలైన 'మెమోరియల్' సంస్థ ఆ రెండో దాన్ని రాతలో పెట్టింది. 2007 నుంచి ఏటా అక్టోబర్ 29న మాస్కోలోని లుబ్యాంకా కూడలిలో జనం వరుసలో నిలబడి స్టాలిన్ కాలపు హతుల పేర్లు చదివేవారు: పేరు, వయసు, చేసే పని, కాల్చి చంపిన తేదీ. 2021 డిసెంబర్‌లో కోర్టు ఆ సంస్థను రద్దు చేసింది. మరుసటి ఏడు దానికి నోబెల్ శాంతి బహుమతిలో భాగం దక్కింది.

మనల్ని ఆపే కోర్టు ఏదీ లేదు. బైరాన్‌పల్లి సాక్ష్యాలు, షోయబుల్లా ఖాన్ హత్య, సుందర్‌లాల్ నివేదిక, మిలిటరీ క్యాంపుల కథలు ఒకే సంపుటంలో తెలుగులోనూ ఉర్దూలోనూ రావాలి. సర్కారు వేస్తుందని ఎదురుచూడక్కర్లేదు. 1948లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు తొంభై దగ్గరపడుతోంది. మీ ఇంట్లోనో మీ గల్లీలోనో అలాంటివాళ్లుంటే వెళ్లి పక్కన కూర్చోండి. సెప్టెంబర్ 17కు ముందు ఏం జరిగిందో ఒక్కటే అడిగి లేచి రాకండి.