మంచము పట్టిన వృద్ధుల ఖర్చు ఎవరిది?

మార్కు 7:9-13, 1 తిమోతి 5:3-16 చదువుడి.

ప్రియులారా, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు పల్లెలలో ప్రార్థనకు వెళ్లునప్పుడు మంచము పట్టిన వృద్ధులను మేము తరచుగా చూచుచున్నాము. కుమారుడు దుబాయిలో నుండును. కోడలు బీడీలు చుట్టుచు, నడుమ నడుమ లేచి అత్తను ఒత్తిగిలజేయును. 2019లో 2,016 రూపాయలకు హెచ్చింపబడిన ఆసరా పింఛను మందులకును పథ్యమునకును చాలదు. బిడ్డలు పోషింపనియెడల తలిదండ్రులు ఆర్.డి.ఓ. గారియొద్ద మొరపెట్టుకొనవచ్చుననియు, నెలకు 10,000 రూపాయలవరకు ఇప్పింపవచ్చుననియు 2007వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. అయితే ఏ తల్లి కన్నకొడుకుమీద దరఖాస్తు వ్రాయించును?

కొర్బానని చెప్పి తలిదండ్రులను విడిచినవారిని ప్రభువు గద్దించెను. కాబట్టి తల్లి మందులు మాన్పించి తెచ్చిన కానుకను మేము పుచ్చుకొనజాలము. మందిరపు రేకులు కారుచున్నను సరే! అన్నదమ్ములు ఖర్చు పంచుకొనునప్పుడు, రాత్రులు మేలుకొను కోడలి కష్టమును కూడ లెక్కలో వ్రాయవలెను. ఆ ఇంటివారి వాటాలో అది చెల్లినట్టే.

ఎవరును లేని విధవరాండ్ర మాట వేరు. వారి భారము సంఘముదేయని పౌలు వ్రాసెను. వచ్చు నెల మొదటి ఆదివారపు కానుక వారికొరకే ప్రత్యేకింపబడును. స్త్రీల సమాజపు పిడికెడు బియ్యము కూడ వారి యిండ్లకే చేరవలెను.