ప్లేటు యాడ కడగాలి?

మా అమ్మ తిన్న ప్లేటు చేత్తో పట్టుకుని లేచి నిలబడింది. "ఇది యాడ కడగాలి నాయనా?" అని బల్లలు తుడిచే కుర్రాణ్ణి అడిగింది. గుంటూరు లక్ష్మీపురంలో, ఏసీ హాల్లో, మెత్తటి సోఫాల మీద మా స్కూలు వాళ్లు ముగ్గురూ నేనూ అమ్మా కూచున్న బల్ల దగ్గర. కుర్రాడు నవ్వి "వొద్దమ్మా, మేం తీస్తాం" అన్నాడు. నేను నవ్వలేదు. "కూచోవే" అని పళ్లు బిగబట్టి కసిరాను. అమ్మ కూచుంది. ప్లేటు వొళ్లో పెట్టుకునే కూచుంది.

ఆ కసురు ఎవరి మీద? అప్పట్నుంచీ ఈ ప్రశ్న నన్ను వొదలడం లేదు.

మా లెక్కల మాస్టారికి బదిలీ అయింది. హోటల్లో తిందామనుకున్నాం. ఇటలీ పేర్లతో అమెరికా తిండి పెట్టే హోటలు. కంటికి ఆపరేషనై చూపించుకోడానికొచ్చి అమ్మ నా దగ్గరే ఉంది. "అమ్మగార్ని కూడా తీసుకురండి మాస్టారూ" అని సైన్సు టీచరమ్మ పట్టుబట్టింది. మంచి మనిషి. మిగతా ఇద్దరూ మంచివాళ్లే. అదే నా చిక్కు. చెడ్డవాళ్లయితే ఈ వ్యాసం తేలిగ్గా రాద్దును.

పిజ్జా వచ్చింది. "రొట్టె మీదనే కూర పోసి కాల్చారా!" అంది అమ్మ. పక్కన మిరప గింజల పొట్లాలు పెట్టారు. ఒకటి చించి వాసన చూసి "ఘాటే లేదు, ఏం కాయరా ఇది" అంది. ఆమెకు కాయ తెలుసు. ముప్పై ఏళ్లకు పైగా మిరప కోతకు పోయింది. కోతల రోజుల్లో చేతులు మండి రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు. ఆముదం రాసుకున్నా తగ్గేది కాదు. ఆ చేత్తో మా చెల్లి మొహం తుడవడానికి భయపడేది. మిరపకాయా టమాటా రెండూ అమెరికా ఖండం నుంచే లోకమంతా పాకాయని నేను పిల్లలకు పాఠం చెబుతాను. ఆ మాట అమ్మతో చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె చేతుల ముందు అదేం పాఠం?

మాది పర్చూరు వైపు. అప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఊరి పేరు రాయను. మా అమ్మ చిన్నతనంలో ఊళ్లో ఒక టీ హోటలుండేది. మా పల్లె వాళ్ల గ్లాసులు బయట చూర్లో దోపి ఉండేవి. ఎవరి గ్లాసు వాళ్లు తీసుకుని కింద పెడితే పైనుంచి టీ పోసేవాడు. తాగి, కడిగి, మళ్లీ చూర్లో దోపాలి. మా అమ్మకు హోటలంటే అదే. తిన్నది కడిగి పెట్టకపోతే అక్కడ తన్నులు. ఆమె ప్లేటు పట్టుకుని లేవడం తెలియనితనం కాదు. దెబ్బలు పడకుండా బతికిన ఒక మనిషి జాగ్రత్త అది. నేను కసిరింది ఆ జాగ్రత్తని.

రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్లలోకి అందరికీ ప్రవేశం ఉండాలంది. 1955లో అంటరానితనం నేరాల చట్టం కూడా వచ్చింది. అవేవీ ఆ చూరు దాకా రాలేదు. మా ఊళ్లో రెండు గ్లాసులు పోయింది దేనివల్లో తెలుసా? కాగితం కప్పుల వల్ల. తాగి పారేసే కప్పు వచ్చాక అందరికీ ఒకటే కప్పు. కడిగే పని లేదు, దాచే పని లేదు. "ఇప్పుడు అంటూ సొంటూ యాడుందిరా?" అంటారు ఊళ్లో పెద్దలు. కప్పు మారింది గదా అంటారు. పోసే చెయ్యి మారిందా అని అడిగితే మాట తప్పిస్తారు.

ఆ రాత్రి ఆ సోఫాలో మాకు దొరికింది కూడా అట్టాంటి సమానతేనేమో అని నా అనుమానం. డబ్బు ఇచ్చాం, కూచోబెట్టారు. కులం అడగలేదు. అడగకపోవడం మంచిదే, కాదనను. మా అయ్య జన్మలో ఎరగని మంచి అది. కానీ కొన్న సీటులో కూచున్నంత మాత్రాన మనిషికి మనిషి పక్కన చోటు దొరికినట్టేనా? 1991 జులైలో చుండూరులో గొడవ మొదలైంది సినిమా హాల్లో. ఒక దళిత కుర్రాడి కాలు పైకులం కుర్రాడికి తగిలింది. టికెట్టు ఇద్దరూ కొన్నదే. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. కొందరి శవాలు గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. మా అమ్మ తన పడుచుతనంలో కారంచేడు విన్నది, 1985 జులై 17. అది మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. నీళ్ల దగ్గరా, సీటు దగ్గరా, పళ్లెం దగ్గరా మా వాళ్లు జాగ్రత్తగా ఉంటే వింతేముంది?

1936లో లాహోరు సభ కోసం రాసుకుని, సభ రద్దయి చదవలేకపోయిన 'కులనిర్మూలన' ప్రసంగంలో అంబేద్కర్ ఈ సంగతి ఎప్పుడో తేల్చారు. కలిసి తిన్నంత మాత్రాన కులం పోదు, పోవాలంటే పెళ్లి దాకా పోవాలి, ఆ నమ్మకానికి మూలమైన శాస్త్రాల దాకా పోవాలి అని. నేను డిగ్రీలో ఉండగా చదివాను. చదివినప్పుడు బాగుందనుకున్నాను. పిజ్జా హోటల్లో గుర్తొచ్చినప్పుడు గుచ్చుకుంది.

ఆ పిజ్జాకీ ఓ కథ ఉంది. ఇటలీలో నేపుల్స్ బీదల తిండి అది. 1880 నుంచి 1920 దాకా నలభై లక్షల మంది ఇటలీ వాళ్లు పొట్ట చేతపట్టుకుని అమెరికా పోయారు. వెల్లుల్లి కంపు మనుషులని వాళ్లని ఈసడించారు. 1891లో న్యూ ఆర్లీన్స్‌లో గుంపు జైల్లో జొరబడి పదకొండు మంది ఇటలీ వాళ్లని చంపింది. తర్వాత ఆ మనుషులూ పైకొచ్చారు, వాళ్ల తిండీ పైకొచ్చింది. వాళ్లు తెల్లవాళ్ల లెక్కలో కలిశారు మరి. కలవలేని వాళ్ల సంగతో? అదే దేశంలో 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్ల విద్యార్థులు ఒక దుకాణంలో సరుకులు కొన్నారు. డబ్బు తీసుకున్నారు. అదే దుకాణంలో తిండి బల్ల దగ్గర కూచుంటే మాత్రం వడ్డించలేదు.

మా తిండి ఏ హోటలు బోర్డు మీదా లేదు. ఎండు తునకలు గోంగూరలో వేసి మా అమ్మ వండితే నాలుగు ఇళ్ల అవతలికి వాసన పోయేది. 2018 డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి స్కూలుకి నేను ఆ కూర ఒక్కరోజూ పట్టుకెళ్లలేదు. పప్పు, వంకాయ. స్టాఫ్ రూములో టీచరమ్మ పులిహోర నేను తింటాను, లెక్కల మాస్టారి ఆవకాయ నేను తింటాను. నా కేరేజీ నా ముందే ఉంటుంది. ఎవరూ చెయ్యి పెట్టరు. పెట్టమని నేనూ అనను. వాళ్లు వద్దంటారన్న భయమా? ఏమో. వద్దంటే ఈ స్నేహం కూడా పోతుందన్న భయం అనుకుంటా. అడక్కుండానే వాళ్ల తరపున జవాబు నేనే చెప్పేసుకుని, ఆ జవాబు మీద ఏడేళ్లుగా మనసులో అలిగి కూచున్నాను. ఇది వాళ్లకి న్యాయమేనా?

ఇంకో మాట రాయకపోతే ఇది అబద్ధపు వ్యాసమవుతుంది. మేం మాలలం. మా నాయనమ్మ బతికున్నన్నాళ్లు మాదిగపల్లెలో మంచినీళ్లు తాగనియ్యలేదు మమ్మల్ని. చూర్లో గ్లాసు దోపుకున్న మనిషే, ఇంకొకళ్ల ముంత ముట్టలేదు. నేను ఏడో తరగతిలో మాదిగపల్లె స్నేహితుడింట్లో అన్నం తిని వచ్చి చెప్పలేదు. ఆ చెప్పకపోవడమూ, ఈ కేరేజీ ముయ్యడమూ ఒక గూటివే.

బిల్లు నలుగురం పంచుకున్నాం. బయటికొచ్చాక మెట్ల మీద అమ్మ ఆ ముగ్గురితో అంది: "ఈసారి మా ఇంటికి రాండయ్యా. నేను వండిపెడతా." టీచరమ్మ "తప్పకుండా వస్తామమ్మా" అని చెయ్యి పట్టుకుంది. లెక్కల మాస్టారు బండి తాళం వెతుక్కుంటూ తలూపాడు. నిజంగా తాళమే వెతుక్కున్నాడో, మరేమన్నానో, అదీ నేనే అనుకోవాలి.

బస్సులో అమ్మ అడిగింది, "అందరి ముందర నీకు చిన్నతనమైందా నాయనా?" అని. లేదన్నాను. కిటికీ వైపు తిరిగి కూచుంది.

ఆపరేషన్ అయిన కన్ను బాగానే కనపడుతోంది ఇప్పుడు. పోయిన వారం బజారుకెళ్లి స్టీలు పళ్లాలు నాలుగు కొనుక్కొచ్చింది. అంచు వెడల్పువి. గుడ్డలో చుట్టి పెట్టె మీద పెట్టింది. ఏ ఆదివారం వస్తున్నారని రెండుసార్లు అడిగింది. నేనింకా వాళ్లని పిలవలేదు.