దానమున స్వత్వ మెవ్వరిది?

తన స్వత్వమును వదలుకొని పరునకు స్వత్వము కలుగజేయుటయే దానమని మన నిబంధనకారులు లక్షణము చెప్పిరి. ఈ లక్షణమును మేము పిల్లలకు చెప్పునపుడు వారు తల యూపుదురు. కాని దేవాలయమునకు గంట యిచ్చిన గృహస్థు దానిని తాను చెప్పిన వేళకే మ్రోగింపవలెనని పట్టుపట్టుట వారందరును చూచినదే. గంట పోయినది గాని స్వత్వము పోలేదు. ఈ చిక్కు గంటలతో ముగిసిన బాగుండును. ఒక జాతి విద్యయే యిందు తగుల్కొన్న వృత్తాంత మొకటి అమెరికాలో నున్నది.

అచ్చట 1865లో దాస్యము రద్దయినను, దక్షిణ రాష్ట్రములలోని నల్లజాతి పిల్లలకు బడి యన్న పేరునకు తగిన కట్టడము చాల గ్రామములలో లేకపోయెను. దాస్యమున పుట్టిన బుకర్ టి. వాషింగ్టను 1881 మొదలు అలబామాలోని టస్కీగీ విద్యాలయమును నడపుచుండెను. చికాగోలో సియర్స్ రోబక్ వర్తకసంస్థ కధిపతియైన జూలియస్ రోజెన్‌వాల్డు తన యేబదవ జన్మదినమున, 1912లో, ఆ విద్యాలయమునకు 25,000 డాలర్లిచ్చెను. అందులో కొంత సొమ్ముతో గ్రామములలో ఆరు చిన్న బడులు కట్టింతుమని వాషింగ్టను కోరగా దాత యంగీకరించెను. అడిగినవాడు నల్లవాడు, ఏమి కావలయునో యెరిగినవాడును అతడే. 1932 నాటికి 15 రాష్ట్రములలో ఇట్టి కట్టడములు 5,300కు పైగా లేచినవి.

గ్రామస్థులు తమ భాగము తాము కూర్చుకొననిదే దాత సొమ్ము రాదని నియమము. కొన్నియెడల రైతులు ఒక యెకరము ప్రత్తిని బడి పేర విడిచిరి. స్త్రీలు వంటలు చేసి యమ్మిరి. కలప తెచ్చినవారు, కూలి లేక గోడ లెత్తినవారు నున్నారు. మొత్తపు వ్యయము 280 లక్షల డాలర్లు దాటినది. అందు రోజెన్‌వాల్డు నిధి యిచ్చినది సుమారు 43 లక్షలు. నల్లజాతివా రిచ్చినది సుమారు 47 లక్షలు. మిగిలినదానిలో పెద్దభాగము పన్నుల సొమ్ము. బడులకు మాత్రము రోజెన్‌వాల్డు పేరే నిలిచినది.

ఈ నియమము గ్రహీతల ఆత్మగౌరవమును కాపాడినదని మేము మొదట మెచ్చుకొంటిమి. ఇప్పటికిని కొంత మెచ్చుకొందుము. తన చెమట కలిసిన గోడను ఎవ్వడును బిచ్చమనుకొనడు. కాని ఆ రైతులు పన్ను లంతకుముందే చెల్లించియుండిరి. ఆ పన్నులలో వారి పిల్లలకు రావలసిన భాగమును అధికారులు తెల్లపిల్లల బడులకు మరలించుచుండిరి. అనగా వీరు ఒకే బడికి రెండుమారులు వెల యిచ్చిరి. మీ శ్రద్ధను రుజువుచేసికొనుడని తెల్లపిల్లల తండ్రుల నెవ్వరడిగిరి? పైగా కట్టిన బడిని ప్రభుత్వపు పాఠశాలాధికారుల పేర వ్రాసి యీయవలయును. ప్రభుత్వము తన కర్తవ్యమును తప్పించుకొనకుండుటకే యీ యేర్పాటని దాత యుద్దేశము. అది నిష్ఫలమైనదని మేమనము. కాని చెమట యొకరిది, దస్తావేజు మరియొకరిది యైనది.

మమ్ము మిక్కిలి నొప్పించునది 1920 నాటి మార్పు. అంతవరకు ఈ పనియంతయు టస్కీగీలోని నల్లవారి చేతులమీదుగా జరిగినది. తొలి బడుల పటములు గీసినదియు అచ్చటివారే. లెక్కలలో లోపములున్నవనియు, కొన్ని కట్టడములు సరిగా లేవనియు విమర్శ రాగా, కార్యాలయమును నాష్‌విల్లుకు తరలించి తెల్లవాని కప్పగించిరి. లోపము లుండియుండవచ్చును. చాలినంతమంది గుమాస్తాలు లేక వందలకొలది కట్టడములు నడపువారి లెక్కలలో తప్పులు దొరకుట వింతకాదు. గుమాస్తాల నిచ్చుటకు బదులు అధికారమునే తీసికొనిరి. దాత సత్పురుషుడు కాడని మేమనుట లేదు. తన నిధి శాశ్వతముగా నుండరాదనియు, తాను పోయిన యిరువదియైదేండ్లలోపల ముగియవలెననియు అతడు శాసించెను; అది 1948లో ముగిసినది. ధనముపై ఇంత నిర్మోహము గలవాని సంస్థకును, పేదవాని తెలివిపై నమ్మకము నిలుపుకొనుట కష్టమైనది.

నూరేండ్ల పిమ్మట, 2020 మే నెలలో మినియాపొలిసున జార్జి ఫ్లాయిడు పోలీసుచేత హతుడైనపుడు, నల్లజాతి సంస్థలకు సొమ్మిత్తుమని అనేక వర్తకసంఘములు ప్రకటించినవి. ప్రకటనలను మేము లెక్కింపము. ఆ యేడే మెకెంజీ స్కాటను నామె నల్లజాతివారి కళాశాలలు పెక్కింటికి ఏ నియమమును లేక ధనమిచ్చెను. టెక్ససులోని ప్రెయిరీ వ్యూ విశ్వవిద్యాలయమునకు చెప్పిన మొత్తము ఐదు మిలియనులా, యేబదియా యని అధ్యక్షురాలు రూత్ సిమన్సు మరల అడుగవలసివచ్చెను. యేబదియే. అందు పది మిలియనులు మహమ్మారివలన చదువు నిలిచిపోవు విద్యార్థులకు కేటాయింపబడెను. ఇది దూరముననున్న దాతకు తోచు పని కాదు. ఫీజు చెల్లింపలేక నిలిచిన పిల్లవాని ముఖము చూచినవారికే తోచును.

నమ్మి యిచ్చిన సొమ్ము వ్యర్థమైనచో నేమని చదువరులు మమ్మడుగవచ్చును. కొంత వ్యర్థము కావచ్చును. ధనికుల స్వంత ఖాతాలలో వ్యర్థమగుదాని నెవ్వరును తనిఖీ చేయరు. లెక్క యడుగుట తప్పుకాదు. లెక్క యడుగుట వేరు, చేయి పట్టుకొని వ్రాయించుట వేరు. సిగ్గుతో నీయవలెనని తైత్తిరీయమున గురువు శిష్యునికి చెప్పుట మాకు బాల్యమున వింతగా తోచెడిది. ఇచ్చువానికి సిగ్గెందుకని మా తండ్రిగారిని అడిగియుంటిమి. ఈ పన్నుల కథ చదివిన పిమ్మట కొంత బోధపడినది.

ఆ బడులు చాలవరకు కూలిపోయినవి. 2002లో అమెరికా చారిత్రక కట్టడముల రక్షణ సంస్థ వానిని మిక్కిలి యపాయముననున్న వానిలో చేర్చినది. మిగిలిన కొన్నింటిని, అందు చదివి వృద్ధులైనవారును వారి పిల్లలును చందాలు పోగుచేసి బాగుచేయుచున్నారు. ఇది వారిచ్చు మూడవ వెల. ఈమారు మాత్రము కొన్ని కట్టడములు వారి సంఘముల స్వాధీనముననే యున్నవి.