విశ్వజిద్యాగములో ఫోను

విశ్వజిత్తను యాగము చేయువాడు తనకు గల సర్వస్వమును దక్షిణగా నీయవలెనని విధి. వినుటకు సులభముగనే యున్నను, ఆచరింపబోవువానికి మొదటి యడుగులోనే సందేహము కలుగును: తనది యనగా నేది? తల్లిదండ్రులు తనవారే గదా, వారినిగూడ ఋత్విక్కుల చేతిలో పెట్టవలయునా? జైమిని మహర్షి తన సూత్రములలో, అధికారమును విచారించు ఆరవ అధ్యాయమున, ఏడవ పాదమును ఈ ప్రశ్నతోనే ఆరంభించెను. ఆయన నిర్ణయము మిక్కిలి సూక్ష్మమైనది. మనకు సంబంధించినదెల్ల మన సొత్తు కాదు. దేనిపై మనకు ప్రభుత కలదో, దేనిని మన ఇచ్చ ననుసరించి వినియోగించుటకును విడిచిపెట్టుటకును మనకు శక్తి కలదో, అదియే దానమున కర్హమైనది. తండ్రి నావాడే, కాని నేనాయనకు ప్రభువును కాను. నచికేతుని తండ్రి వాజశ్రవసుడు చేసినది విశ్వజిద్యాగమేనని శంకరులు కఠోపనిషద్భాష్యమున చెప్పిరి. తన్నెవరికిచ్చెదవని నచికేతుడు తండ్రిని మరల మరల అడుగుటలో ఈ మీమాంస యంతయు దాగియున్నది. తన్ను తాను ముందుగా నోడిపోయిన ధర్మరాజునకు తనను పణముగా నొడ్డు ప్రభుత ఎక్కడిదని ద్రౌపది నిండుసభలో అడిగించినదియు ఈ జాతి ప్రశ్నయే. భీష్ముడంతటివాడు దానికి సూటియైన సమాధానము చెప్పలేక, ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను.

ఇది యాగశాలతో ముగిసిపోవు విచారము కాదు. నల్లగొండ జిల్లా త్రిపురారము మండలమున, లాల్ బహదూరు కాలువ యని పేరుగల నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో వానకాలము, యాసంగి రెండు పంటలును వరి పండించి, ధాన్యమును మిర్యాలగూడ మిల్లులకు తోలి, ఆ సొమ్ములో కొంత వెచ్చించి ఫోను కొన్న రైతొకడు నేడు విశ్వజిత్తు చేయ సంకల్పించెననుకొందము. ఆ ఫోనును వాడు దక్షిణగా నీయవచ్చునా? క్రయముచేత స్వామిత్వము కలుగునని గౌతమ ధర్మసూత్రము చెప్పుచున్నది. స్వత్వము లోకవ్యవహారముచేతనే సిద్ధించునని మితాక్షరాకారుడైన విజ్ఞానేశ్వరుడు వాదించెను. ప్రమాణములు రెండును రైతు పక్షముననే యున్నవి. కాని జైమిని అడుగునది బిల్లు కాదు, ప్రభుత.

ఆండ్రాయిడ్ ఫోనునకు ఆధారమైనది లైనక్స్ కెర్నెలు. యూనిక్స్ సంప్రదాయము ననుసరించి అందొక సర్వాధికారి కలడు. వాని పేరు రూట్, వాని సంఖ్య 0. ఏ ఫైలునైనను చదువుటకును, మార్చుటకును, చెరుపుటకును వానికి అడ్డు లేదు. ఫోను కొన్నవానికి ఆ పదవి ఈయబడదు. తయారీదారు ప్రతి యాప్‌నకును వేరొక సంఖ్య నిచ్చి దాని గదిలో దానిని కూర్చుండబెట్టును. సిస్టము భాగమును చదువుటకు మాత్రమే వీలుగా మూసివేయును. ఫోను మేల్కొనునపుడు మొట్టమొదట నడచు బూట్‌లోడరు, తయారీదారు సంతకము లేని ఏ ఫర్మ్‌వేరును నడువనీయకుండునట్లు కట్టుదిట్టము చేయును. రూట్ చేయుటయన సున్న సంఖ్యగల ఆ యధికారమును కొన్నవాడు తన వశము చేసికొనుట. కస్టమ్ రోమ్ వేయుటయన తయారీదారు పెట్టిన వ్యవస్థను సమూలముగ తొలగించి, ఇతరులు కూర్చిన వ్యవస్థను అదే యంత్రమున నిలుపుట. జీర్ణదేహమును విడిచి దేహి క్రొత్తదేహమును పొందునని గీత చెప్పును. ఇచట దేహము పాతది, లోనికి వచ్చునది క్రొత్తది. కనుక దీనిని పునర్జన్మ యనుటకంటె పరకాయప్రవేశమనుటయే తగును.

ఎవరిది యను ప్రశ్న నల్లగొండ సీమకు పుస్తకములనుండి వచ్చినది కాదు. 1946 మొదలు 1951 వరకు సూర్యాపేట, నల్లగొండ ప్రాంతముల పల్లెలు రక్తము చిందించి అడిగిన ప్రశ్న అది. 1949లో హైదరాబాదు సంస్థానమున జాగీరులు రద్దయ్యెను. 1950లో వచ్చిన కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారు నొకనిని గుర్తించెను. ఆ చట్టమున తరువాత చేర్చిన 38-ఈ విభాగము అట్టివానిని పట్టాదారును చేయుటకు దారి చూపెను. దున్నువాడొకడు, పట్టా మరియొకని పేర. ఈ స్థితి ఎంత దుర్భరమో ఇచటి ముదుసలులకు చెప్పనక్కరలేదు. ఫోను కొన్నవాడు ఆ కౌలుదారుకంటెను ఒక మెట్టు క్రిందనే యున్నాడని నాకు తోచుచున్నది. కౌలుదారు చేనిలో ఏమి విత్తవలెనో తానే నిర్ణయించుకొనెను. ఇతడు పూర్తి వెల చెల్లించియు, తనకక్కరలేని యాప్ నొకదానిని తీసివేయబోయినపుడు, దానిని నిద్రపుచ్చవచ్చునే కాని తొలగింపరాదను సమాధానము వినవలసి వచ్చుచున్నది.

తెలుగువారికి ఈ ప్రశ్న తొలుత అక్షరముల రూపమున ఎదురయ్యెను. ఆండ్రాయిడ్ ఫోనులు మనదేశమున వ్యాపించిన తొలి సంవత్సరములలో వానిలో తెలుగు లిపి లేకుండెను. తెలుగు పుటను తెరచినచో పంక్తులు పంక్తులుగా ఖాళీ డబ్బాలు కనబడెడివి. ఒపెరా మినీ బ్రౌజరులో ఒక మరుగు అమరికను మార్చుకొన్నచో అక్షరములు బొమ్మలుగా వచ్చి కొంత ఉపశమనము కలిగించెడివి. ఇది బ్రౌజరువరకే, ఎస్సెమ్మెస్సులో, పేర్ల పట్టికలో డబ్బాలు డబ్బాలుగనే యుండెను. తెలుగు ఫాంటు ఫైలు నొకదానిని సిస్టము ఫాంట్ల సంచిలో చేర్చిన పని గడచును, కాని ఆ సంచిలో వ్రాయుటకు రూట్ కావలెను. కాబట్టి ఎందరో యువకులు, ప్రాసెసరు వేగము పెంచుకొనుటకు గాక, తమ తల్లి పేరును తమ లిపిలో చదువుకొనుటకై ఫోనులను రూట్ చేసికొనిరి. ఫాంటు చేర్చినంతమాత్రమున కష్టము తీరినది కాదు. అక్షరములను కూర్చి చూపు యంత్రాంగము తెలుగు నెరుగదు గనుక, ఒత్తులు అక్షరము క్రిందికి చేరక ప్రక్కన పొల్లులై నిలిచి, ఒక్కొక్క పదము వికలాంగమై కనబడెను. 2012లో వచ్చిన 4.1వ ఆండ్రాయిడ్ కన్నడ, మలయాళములతోపాటు తెలుగునకును స్థానమిచ్చిన తరువాత ఈ యాతన క్రమముగ తొలగెను. ఎనిమిదికోట్ల మందికి పైగా మాటలాడు భాషను కొన్నవాడు తన ఫోనులో చూచుకొనుటకు నియమోల్లంఘనము చేయవలసి వచ్చినదన్న, ఆ నియమమునందే దోషమున్నదనక తప్పదు. హైదరాబాదున 2005 నుండి పనిచేయుచున్న స్వేచ్ఛ సంస్థవారు కంప్యూటర్లకు తెలుగు లైనక్స్ వ్యవస్థ నమర్చినపుడు వారికి ఏ తయారీదారు అనుమతియు అక్కరలేకపోయెను. బల్లపైనున్న యంత్రమునకు లేని తాళము జేబులోని యంత్రమునకు ఎందులకు వచ్చినదో ఆలోచింపదగినది.

ఇందొక విచిత్రము కలదు. లైనక్స్ కెర్నెలు జీపీఎల్ అను లైసెన్సు క్రింద లోకమునకీయబడినది; దానిని ఇతరులకు పంచినవాడు సోర్సు కోడునుగూడ వారికీయవలెనని ఆ లైసెన్సు శాసించుచున్నది. తయారీదారులు కోడు నిత్తురు. కోడును మార్చి అదే యంత్రములో నడిపించుకొనుటకు కావలసిన సంతకపు తాళపుచెవిని మాత్రమీయరు. టీవో యను టెలివిజను రికార్డరుతో బయటపడిన ఈ యుక్తిని నివారించుటకే 2007లో ఆ లైసెన్సు మూడవ పాఠము వెలువడెను. కాని లైనక్స్ కెర్నెలు రెండవ పాఠమునందే నిలిచిపోయినది. వేదమును వినిపించి యజ్ఞమును నిషేధించినట్లున్నది ఈ వ్యవహారము. 2008లో అమెరికాలో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వెలువడినపుడు దాని కీబోర్డుపై వ్రాసిన ప్రతి మాటయు లోలోపల రూట్ ఆజ్ఞగా గూడ నడచెడిదని కొలది దినములకే కనుగొనిరి. మిత్రునకు జాబు వ్రాయుచు రీబూట్ అను మాట వ్రాసి ఎంటరు నొక్కినచో ఫోను నిజముగనే ఆరిపోయి మరల వెలిగెడిది! ఆ లోపమును గూగులు వెంటనే సరిదిద్దెను. లోపము వలన ఒకసారి లభించిన స్వామ్యమును హక్కుగా పొందవలెనను ప్రయత్నము అప్పటినుండి సాగుచునే యున్నది.

ప్రతిపక్షమున బలము లేదని చెప్పను. రూట్ చేసిన ఫోనులో ఒక దుష్టమైన యాప్‌నకు పొరపాటున ఆ యధికార మిచ్చినచో, బ్యాంకు యాప్ గదిగోడలు దానికి అడ్డురావు. వాట్సాప్‌లో వచ్చిన దొంగ ఏపీకే ఫైలును తెరచి దాచుకొన్న సొమ్మంతయు పోగొట్టుకొన్న సంసారులు మన జిల్లాలలో కొల్లలు. కనుక అనర్హుని చేతికి తాళపుచెవి ఈయరాదని తయారీదారు చెప్పుమాట అర్హతకు సంబంధించినది. అది మీమాంసకులకు సుపరిచితము. కర్మమునందు అధికారము కలవాడెవడు? దానిని కోరినవాడు, చేయగలవాడు, తెలిసినవాడు. ఇంతవరకు ఎవరికిని ఆక్షేపణ లేదు. కాని ఆ ఆరవ అధ్యాయముననే మొదటి పాదమున, కోరికయు శక్తియు కలిగియున్నను, నాలుగవ వర్ణమువారికి యాగమున అధికారము లేదని నిర్ణయింపబడినది. బాదరి యను ఆచార్యుడు సర్వులకును అధికారము కలదనెను; జైమిని ఆ పక్షమును తోసివేసెను. మహామేధావియైన సూత్రకారుని గ్రంథమున ఈ ఘట్టమును చదువునపుడు నాకు తలవంపుగ నుండును. ఇందు నేను బాదరి పక్షమువాడను. తెలియనివానికి తెలియజెప్పుట వేరు. నీవు కొన్నవాడవు గనుక నీకు ఎన్నటికిని తెలియరాదనుట వేరు.

ఈ దృష్టితో చూచినచో తాళములన్నియు ఒక జాతివి కావు. బూట్‌లోడరు తాళము తీసినపుడు ఫోనులోని సమాచారమంతయు తుడిచిపెట్టబడును. తొలిసారి చేయువాడు దీనిని శిక్షయని తలచును గాని, ఇది న్యాయమైన నియమము. దొంగిలించినవాడు తాళము తీసినను మన ఛాయాచిత్రములు, మన జాబులు వానికి దొరకకుండుటకే ఈ ఏర్పాటు. పలు షావోమీ ఫోనులకు తాళము తీయుటకు దరఖాస్తు చేసి 168 గంటలు వేచియుండవలెను. ఏడు దినముల దీక్షయనుకొని ఓర్చుకొనవచ్చును. శాంసంగ్ ఫోనులలోని నాక్స్ ఫ్యూజు అట్లు కాదు. ఒక్కసారి అన్య ఫర్మ్‌వేరు వేసినచో ఆ ఫ్యూజు శాశ్వతముగ తెగును. మరల అసలు ఫర్మ్‌వేరు వేసికొన్నను అతుకదు. మహాపాతకములకు సయితము ప్రాయశ్చిత్తము విధించిన ధర్మశాస్త్రముల దేశమునకు ఈ కాఠిన్యము రుచింపదు. ఇక బ్యాంకు యాప్‌ల సంగతి: బ్యాంకు రెండవ పక్షము గనుక తనకు నమ్మకము లేని యంత్రముతో వ్యవహరింపననుటకు దానికి స్వాతంత్ర్యమున్నది. కాని భద్రతా సవరణలు నిలిచిపోయి ఏండ్లు గడచిన ఫోను, తాళము తీయలేదన్న ఒక్క కారణమున, అట్టి యాప్‌లు నమ్ము గూగులు వారి ప్లే ఇంటెగ్రిటీ పరికరస్థాయి పరీక్షలో నెగ్గుటయు, నిన్నటి సవరణతో కూడిన లినియేజ్ ఓఎస్ అను కస్టమ్ రోమ్ వేసిన ఫోను అందు ఓడిపోవుటయు జరుగుచున్నవి. పరీక్షింపబడునది భద్రత కాదు, విధేయత.

మరియొక చిక్కు కలదు. రూట్ పొందినవాడు నిజముగ పరమాధికారియా? మొబైలు సంకేతములను నడుపు బేస్‌బ్యాండు ప్రాసెసరు తనదగు వేరు వ్యవస్థతో నడచును. దాని కోడు మనకు కనబడదు. ట్రస్ట్‌జోన్ అను రహస్యప్రదేశమున జరుగునది రూట్‌నకు గూడ అగోచరము. కెమేరాను, రేడియోను నడుపు బైనరీ ఫైళ్లు చిప్పు తయారీదారులు ఇచ్చినవే. కస్టమ్ రోమ్ కూర్చువారును వానినే అరువు తెచ్చుకొందురు. ఒక ప్రభువు క్రింద మరియొక ప్రభువు, వాని క్రింద ఇంకొకడు. నైయాయికులు దీనిని అనవస్థా దోషమందురు. త్రిపురారమునకు నీరు పంపు ఆ సాగరు జలాశయము క్రింద ఇక్ష్వాకుల విజయపురి మునిగియున్నది. అచటి కొండకు ఆచార్య నాగార్జునుని పేరు సంప్రదాయము ముడివేసినది. ఏ వస్తువునకును స్వతస్సిద్ధమైన స్వభావము లేదనియు, అన్నియు పరస్పరాశ్రయములనియు బోధించిన ఆయన ఈ చిక్కును చూచి ఆశ్చర్యపడి యుండడు. అయితే పరమార్థసత్యము, వ్యవహారసత్యము అను రెంటిని వేరుచేసి చెప్పినవాడును ఆయనయే. పరమార్థమున ఎవడును దేనికిని స్వామి కాడను మాట ఒప్పుకొందము. సొమ్ము లెక్కపెట్టుకొని పుచ్చుకొన్న తరువాత అంగడివాడు ఆ వేదాంతము చెప్పుట మాత్రము సహింపరానిది.

భవిష్యత్తును గూర్చిన శకునములు మంచివి కావు. 2009లో మొదలై లక్షలాది ఫోనులకు ఆయుర్దాయము పెంచిన సయనోజెన్‌మాడ్ అను కస్టమ్ రోమ్ 2016 డిసెంబరులో మూతపడెను. దాని కోడునుండి లినియేజ్ ఓఎస్ పుట్టి నేటికిని నడచుచున్నది. 2017లో గూగులు చేసిన ట్రెబుల్ ఏర్పాటు చిప్పునకు సంబంధించిన భాగమును మిగిలిన వ్యవస్థనుండి విడదీసి, కస్టమ్ రోములు కూర్చువారి పనిని తేలికపరచెను. కాని 2025లో ఆండ్రాయిడ్ నిర్మాణము లోగిలిలోనికి పోయినది. కోడును పూర్తియైన పిమ్మటనే విడుదల చేయుదుమనిరి. ఇంతకాలము పిక్సెల్ ఫోనులకు ఇచ్చుచు వచ్చిన పరికర వివరములను 16వ ఆండ్రాయిడ్‌తో ఈయకుండిరి. అదే సంవత్సరము శాంసంగ్ తన వన్ యూఐ 8లో తాళము తీయు వీలునే తొలగించెను.

ఈ స్థితిలో నాకు ఊతమిచ్చు వాదము జైమిని సూత్రములకు శబరస్వామి వ్రాసిన భాష్యమున దొరికినది. సార్వభౌముడు విశ్వజిత్తు చేసినచో భూమిని దానమీయవచ్చునా యని అచట విచారణ. కూడదని నిర్ణయము, భూమి సర్వులకును సమానము. మరి సార్వభౌమునకున్న ప్రత్యేకత ఏమి? భూమిపై పండిన వరి మొదలగువానిని కాపాడుచున్నాడు గనుక, ఆ రక్షణమునకు ప్రతిఫలముగ పంటలో ఒక భాగము వానికి చెల్లును. అంతే, భూమి వానిది కాదు. రక్షణమే హక్కునకు మూలమైనపుడు, రక్షణము మానిననాడు హక్కు నిలువదు. భద్రత కొరకే తాళము వేసితినను తయారీదారు, భద్రతా సవరణలు పంపుట మానుకొన్ననాడు ఆ తాళమును పట్టుకొని యుండుటకు ఏ ఆధారము మిగులును? ఆనాడే తాళపుచెవి కొన్నవానికి చెల్లవలెను.

మన కాపీరైట్ చట్టమునకు 2012లో చేర్చిన 65-ఎ విభాగము, హక్కులను భంగపరచు ఉద్దేశముతో సాంకేతిక రక్షణను ఛేదించుటనే నేరముగ నెంచినది. తన సొత్తును తాను బాగుచేసికొనుటకై ఫోను తాళము తీసిన రైతును దానిక్రింద పట్టుకొనుట కష్టము. చట్టము వాని దారిన అడ్డము నిలువదు; తయారీదారును తాళపుచెవి ఇమ్మనదు కూడ. మొదటి మాట శాసనకర్తలు వ్రాసియుంచిరి. రెండవది ఇంకను వ్రాయలేదు.