ఇంటిని చక్కబెట్టుకొందము

ధ్యాన భాగములు: 2 రాజులు 20, యిర్మీయా 32, యోహాను 19:25–27



యూదా రాజైన హిజ్కియాకు మరణకరమైన రోగము కలిగెను. యెషయా ప్రవక్త అతని మంచము దగ్గరకు వచ్చి, నీ కాలము ముగియుచున్నది, ఇంటి సంగతులు సరిచేసికొమ్మని దేవుని మాట తెలియజేసెను. రాజు గోడతట్టు తిరిగి ఏడ్చి ప్రార్థించెను. దేవుడు అతనికి మరి 15 సంవత్సరముల ఆయుష్షు అనుగ్రహించెను. ప్రార్థనకున్న బలమును చూపుటకు మనము ఈ సంగతి తరచుగా చెప్పుకొందుము. అది మంచిదే. అయితే ప్రవక్త చెప్పిన ఆ మొదటి మాట ఏమైనదని మనమెవ్వరము అడుగము.

అదే అధ్యాయము చివరివరకు చదువుడి. బబులోను దూతలు రాగా హిజ్కియా తన వెండి బంగారములను, ఆయుధశాలను ఏమియు దాచక వారికి చూపించెను. ఇవన్నియు ఒకనాడు పరుల పాలగునని, నీ సంతతివారిని సహితము కొనిపోవుదురని ప్రవక్త హెచ్చరింపగా, తన దినములలో నెమ్మదిగా నుండును గదా అని తృప్తిపడెను. అతని తరువాత రాజైన మనష్షేకు అప్పటికి 12 ఏండ్లు. అనగా పొడిగింపబడిన ఆ ఆయుష్షులో పుట్టిన బిడ్డ. తండ్రి పడగొట్టిన ఉన్నతస్థలములను ఆ బిడ్డయే తిరిగి కట్టించెను. హిజ్కియాకు ఆయుష్షు దొరికెను గాని ఇల్లు చక్కబడలేదు.

ప్రియులారా, మీకు బోధించుటకు ముందు నా తప్పు ఒప్పుకొనవలెను. నేను పరిచర్య చేసిన ఒక సంఘములో ఒక పెద్ద యుండెను. మూడెకరముల మెట్ట, ఒక పెంకుటిల్లు, భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట నా చేయి పట్టుకొని, “అయ్యగారూ, ఒకసారి ఇంటికి రండి. నాలుగు ముక్కలు రాయించుకోవాలి. మా పిల్ల సంగతి ఒకటి మనసులో ఉంది” అనెను. “అలాగే పెద్దయ్యగారూ, మిరపకోతలు కానివ్వండి, తీరిగ్గా కూర్చుందాం” అంటిని. కోతలు ముగియకమునుపే ఆయనను సమాధుల తోటకు మోసికొనిపోతిమి.

తరువాత పొలము తనకే ఇత్తునన్నాడని పెద్దవాడు, కాదని చిన్నవాడు. బోరు వేయించునప్పుడు కుమార్తె గొలుసు కుదువబెట్టిరట. దానికి కాగితము లేదు. తల్లి ఒక నెల ఒకని వసారాలో, మరు నెల రెండవవాని వసారాలో కాలము గడిపెను. అన్న సంస్కారపు బల్ల యొద్దకు వచ్చిన ఆదివారము తమ్ముడు మందిరమునకు రాడు. ఆ కుమార్తె ఒకనాడు నా గుమ్మములో నిలువబడి, “మా నాన్న మీతో ఏమైనా చెప్పాడా అయ్యగారూ?” అని అడిగెను. చెప్పవలెననియే పిలిచెను, వినుటకు నాకే తీరిక లేకపోయెను. ఆ అమ్మాయికి నేనేమి జవాబు చెప్పగలను?

వీలునామా వ్రాసినచో చావును చేతులార పిలిచినట్లేనని మనలో కొందరు భయపడుదురు. అది విశ్వాసుల మాట కాదు. అబ్రాహాము భార్యను పాతిపెట్టుటకు మక్పేలా పొలమును ఊరి గవినియొద్ద అందరి యెదుట 400 తులముల వెండి తూచి కొనెను. యిర్మీయా శత్రువులు పట్టణమును ముట్టడించియుండగా అనాతోతు పొలమును కొని, సాక్షులచేత వ్రాలు చేయించి, ఆ పత్రములను మట్టికుండలో భద్రపరిపించెను. మన ముక్త్యాల రాజావారైన వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు సాగరు ఆనకట్ట కొరకు ఎంత పాటుపడిరో ఇక్కడివారందరు ఎరుగుదురు. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడెను. 1967లో కాలువలకు నీరు వచ్చెను. అన్నేండ్ల తరువాత పారబోవు నీటి కొరకు మనుష్యులు పాటుపడగా, మన మూడెకరముల సంగతి మనము ఆలోచింపక పోవుట న్యాయమా?

కాబట్టి తెలిసికొనవలసిన సంగతులు కొన్ని చెప్పెదను. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. వీలునామా లేక పురుషుడు మరణించినప్పుడు భార్యయు పిల్లలును ఉన్నయెడల, మూడింట ఒక వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానముగా చెందును. కుమారుడు, కుమార్తె అను భేదము లేదు. పెండ్లి చేసి పంపితిమి గదా అను మాట అక్కడ చెల్లదు. తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవ స్త్రీలకును ఈ చట్టమే చెల్లునని 1986లో మేరీ రాయ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. సెలోపెహాదు కుమార్తెలు మోషే యెదుట నిలిచి అడిగిన న్యాయము ఇటువంటిదే గదా!

వీలునామాకు స్టాంపు కాగితము అక్కరలేదు; తెల్ల కాగితము చాలును. బుద్ధి స్థిమితముగా నున్నప్పుడే వ్రాయింపవలెను. వ్రాయించువారు సంతకము గాని వేలిముద్ర గాని వేయవలెను. కనీసము ఇద్దరు సాక్షులు దానిని చూచి తామును సంతకము చేయవలెను. ఆస్తి పొందువారిని గాని వారి భార్యను, భర్తను గాని సాక్షులుగా పెట్టకుడి. పెట్టినచో వారికి వ్రాసినది చెల్లదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, అయినను చేయించుట మేలు. బ్రతికియున్నంత కాలము దానిని మార్చుకొనవచ్చును. పెండ్లికి ముందు వ్రాసినది పెండ్లితో రద్దగును గనుక మరల వ్రాయవలెను. బ్యాంకులో నామినీగా నున్నవాడు సొమ్ము అందుకొనువాడే గాని, అంతమాత్రమున అది అతని సొంతము కాదు. అసైన్డు పట్టా భూములకు వేరే నిబంధనలున్నవి. రెవెన్యూ ఆఫీసులో అడిగి తెలిసికొనుడి.

మందిరమునకు వ్రాయగోరువారికి పాత చట్టములో నున్న అడ్డును 2003లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. అయితే పాస్టరుగా నేనే చెప్పుచున్నాను: ముసలి భార్య నోటికాడ కూడు తీసి మందిరమునకు వ్రాయకుడి. కొర్బాను పేరుతో తల్లిదండ్రులను విడిచిపెట్టినవారిని ప్రభువు ఎట్లు గద్దించెనో మార్కు 7లో చదువుడి.

కాగితములను ఒకచోట భద్రముగా ఉంచుడి. 2009 అక్టోబరులోను 2024 సెప్టెంబరులోను కృష్ణ పొంగి, ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించి పారెను. ఏటి ఒడ్డున కాపురమున్న మనకు యిర్మీయా మట్టికుండ మంచి పాఠము. దస్తావేజు, పాస్ పుస్తకము, ప్రోనోటు నీరు చొరని సంచిలో పెట్టి, అవి ఎక్కడనున్నవో భార్యకు చెప్పుడి. నోటిమాట మీద తెచ్చిన చేబదుళ్లను, ఇచ్చిన చేబదుళ్లను ఒక పుస్తకములో వ్రాసిపెట్టుడి. మీరు పోయిన తరువాత అప్పులవాడు వచ్చి చెప్పినదే లెక్క కాకూడదు.

అయినను కాగితములతో పని ముగియదు. దావీదునకు ద్రోహము చేసిన అహీతోపెలు సహితము తన ఇల్లు చక్కబెట్టుకొనెనని 2 సమూయేలు 17లో నున్నది. అన్నియు సర్దుకొని ఉరిపోసికొనెను. ద్రోహము చేసిన రాజు యొద్దకు గాని, దేవుని యొద్దకు గాని అతడు తిరిగి రాలేదు. నీవు మాటలాడని తమ్ముడున్నాడా? నీ గట్టులో కలుపుకొనిన పొరుగువాని మూరెడు నేలయున్నదా? జక్కయ్యవలె దానిని తిరిగి ఇమ్ము. అది వీలునామాలో వ్రాయునది కాదు, నీ చేతితో నీవే చేయవలసినది.

మన ప్రభువును చూడుడి. సిలువ మీద ఆయనకు ఇల్లు లేదు, పొలము లేదు. ఉన్న వస్త్రములను సైనికులు పంచుకొనిరి. అయినను అంత బాధలో తల్లిని మరువక, ప్రియ శిష్యునికి అప్పగించెను. ఆ గడియనుండి ఆమెకు ఒక ఇల్లు కలిగెను. ఏమియు లేనివాడనని ఎవ్వరును తప్పించుకొనరాదు. అప్పగింపవలసిన మనిషి ప్రతివానికి ఒకరుందురు.

నేనును నా కాగితము వ్రాసి, సాక్షుల వ్రాలు చేయించితిని. మీలో ఎవరైనను “అయ్యగారూ, ఒకసారి రండి” అని పిలిచినయెడల, కోతల కాలమైనను, రాత్రియైనను వచ్చెదను. రేపని ఇక అనను.

ప్రభువా, మా దినములు నీ చేతిలో నున్నవి. మేము విడిచిపోవు ఇంటిలో తగవులు గాక సమాధానము మిగులునట్లు, బ్రతికియుండగానే మాకు బుద్ధియు ధైర్యమును దయచేయుము. ఆమేన్.