యంత్రము ఆప్తుడగునా?

న్యాయదర్శనమున గౌతముడు ప్రత్యక్షానుమానోపమానముల సరసన శబ్దమును నాలుగవ ప్రమాణముగా నిలిపి, ఆప్తుని ఉపదేశమే శబ్దమని నిర్ణయింపగా, భాష్యకారుడైన వాత్స్యాయనుడు, వస్తువును సాక్షాత్కరించుకొని, కన్నదానిని కన్నట్లే తెలుపగోరువాడు ఆప్తుడని వివరించి, ఈ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమేయనెను. యంత్రమునకును సమానమగునా? తెల్లకఱ్ఱ చేతబట్టి, చెవిలో సెల్‌ఫోను పలుకు వినుచు వీథి దాటబోవు అంధునకు ఇది కేవలము పండితచర్చ కాదు.

అమీర్‌పేట కూడలినే తీసికొందము. ఆకాశము నిరాటంకముగా నున్నచోట ఫోను తన స్థానమును ఇంచుమించు 5 మీటర్ల తేడాతో గుర్తింపగలదు. ఇచ్చటనో, తలపైన మెట్రో వంతెన, ఇరుప్రక్కల అంతస్తుల మేడలు. ఉపగ్రహ సంకేతములు గోడలకు తగిలి, ప్రతిఫలించి, ఆలస్యముగా చేరుటచే, కాలమునుబట్టి దూరమును గణించు ఫోను మనిషిని రోడ్డుకు ఆవలి ప్రక్కన నున్నట్లు భావించును. గమ్యము వచ్చినదని అది ప్రకటించునప్పటికి మందుల దుకాణపు మెట్లు ఇంకను ఆటోల, బస్సుల ప్రవాహమునకు ఆవలనే యుండును. కారులో పోవువానికి ఆ కొద్ది మీటర్లు ఏపాటివి?

అయినను నా అభియోగము ఈ పొరపాటుపై కాదు, ఆప్తులును పొరబడుదురు. చూపుగలవాడు తెర చూచినచో, తన నీలిచుక్క చుట్టును లేతనీలి వలయమొకటి కనబడును. సందేహము పెరిగినకొలది అది విస్తరించును. అనగా తన యెఱుకకు హద్దెక్కడో ఫోనుకు తెలియును. తెలిసియు ఆ సంగతిని కన్నులకు చెప్పి చెవులకు దాచుచున్నది! వలయమెంత పెద్దదైనను దారిచెప్పు కంఠమున అదే ధీమా. 2019లో గూగుల్ మ్యాప్స్ అంధుల కొఱకు అమెరికాలో ఆంగ్లమునను, జపానులో జపనీయమునను సవిస్తరమైన నడక సూచనలు ప్రారంభించి, మలుపు ఎంత దూరమో, పెద్ద కూడలి ఎప్పుడు రానున్నదో ముందుగా చెప్పించుట మెచ్చదగినదే. కాని వివరము వేఱు, విశ్వసనీయత వేఱు.

యంత్రమునకు ఇచ్ఛ లేదు గావున ఆప్తత్వ ప్రసక్తియే లేదని తార్కికుడు ఆక్షేపింపవచ్చును. నిజమే, కాని దానిచే పలికించువారికి ఇచ్ఛ కలదు, లెక్క వారిదే. సందేహము వినిపించినచో అంధులు బెదరుదురని వారనుట కనికరము మాటున దాగిన చులకన. నిత్యము కఱ్ఱమొనతో మూతలేని మురుగుకాలువలను పసిగట్టి నడచువాడు, పదునైదు మీటర్ల తేడా ఉండవచ్చునని విన్నచో, అడుగు ఆపి, ప్రక్కనున్న పాన్‌డబ్బావానిని అడుగును. ఆ డబ్బావాడు "నాకు సరిగా తెల్వదన్నా, ఆ మూలమీద అడుగు" అన్నచో, వాత్స్యాయనుని కొలతకు వాడే నిలుచును.